మా చిన్నమామ కొట్టిన దుప్పి

ఆ రోజుల్లో మా ఊరికి ఫోను లేదు, పేపరు వచ్చినా పాతబడి వచ్చేది. అయినా మాకు ఏ లోటూ తెలువలేదు, ఎందుకంటే మాకు పెద్దవ్వ ఉన్నది. మా అవ్వకు, అంటే మా అమ్మకు, సొంత అక్క. లక్సెట్టిపేటల బస్సులు ఆగేకాడ ఆమె ఇల్లు. బస్సు దిగిన మనిషి ఆమె అరుగు మీద కూసొని ఇన్ని నీళ్లు తాగి, ఇన్ని ముచ్చట్లు చెప్పి గానీ ముందుకు కదిలేది కాదు. ఆ ముచ్చట్లను ఆమె మంచిగ చెరిగి, రాళ్లేరి, వారానికొకసారి మా ఇంట్ల తెచ్చి పోసేది. మా చిన్నమామకు చొప్పదండి నుంచి సంబంధం వచ్చిందన్న కబురు మొట్టమొదట మోసుకొచ్చింది ఆమెనే. చిన్నమామ అంటే వీళ్లిద్దరి ఆఖరి తమ్ముడు. మా అమ్మమ్మ పోయేటప్పుడు ఆయన చెయ్యి మా అవ్వ చేతుల పెట్టి, "వీణ్ని ఒక ఇంటోణ్ని చెయ్యి బిడ్డా" అని కన్ను మూసిందట. అప్పటి నుంచి ఆయన మా ఇంట్లనే పెరిగిండు. ముప్ఫై దగ్గరికొచ్చినా పెళ్లి కాలే. వచ్చిన సంబంధమల్ల ఏదో ఒక వంకతోని తప్పిపోయేది, తప్పినప్పుడల్లా అవ్వ అమ్మమ్మ పటం ముందర నిలబడి చెంపలేసుకునేది.

"పిల్ల మంచిది. ఇల్లు మంచిది. ఒక్కటే కిరికిరి ఉన్నది" అన్నది పెద్దవ్వ, చెప్పులు కూడ విడవకముందే.

అవ్వ చేతుల చాట ఆగింది. "ఏం కిరికిరే అక్కా?"

"పిల్ల తండ్రికి వేట పిచ్చి. అల్లుడైనోడు బాణంతోని దుప్పిని కొట్టాల్నట. కొట్టి, గా మాంసం తెచ్చి తినిపియ్యాల్నట. గప్పుడే ముహూర్తం అంటుండు."

"తుపాకి లేదా ఆయనకు?"

"ఉన్నది. కానీ తుపాకి పట్టినోడు వేటగాడు కాదట, చప్పుడు చేసేటోడట. చిన్నప్పుడు ఉట్నూరు అడవుల తను బాణంతోనే కొట్టిండట. అల్లుడు గూడ గట్లనే ఉండాల్నట."

పురాణాల్లో రాజులు పెట్టే షరతు ఇది. అవ్వ, పెద్దవ్వ, నేను ముగ్గురం కలిసి వాకిట్లకు చూసినం. ఆ రాకుమారుడు అప్పుడు గూట్లకెళ్లి జారిపడ్డ పిచ్చుక పిల్లను అరచేతిల పెట్టుకొని, దూది తడిపి దాని నోట్లె నీళ్లు పిండుతుండు. ఇంట్ల కోడిని కోసేనాడు పొలంల పనున్నదని చెప్పి పొద్దుగాలనే వెళ్లిపోయే మనిషి ఆయన. (కూర ఉడికే వేళకు మాత్రం పొలం పని అయిపోయేది.) పెద్దవ్వ ఒక నిట్టూర్పు విడిచి, "ఇగ వద్దని చెప్పంపుదామా?" అన్నది. చిన్నమామ తలెత్తకుండనే, "వద్దక్కా, నేర్చుకుంట" అన్నడు. మేమంతా నోరు తెరిచినం. తర్వాత తెలిసిందేమంటే, కిందటేడు కరీంనగర్‌ల ఎవరిదో పెండ్లిల ఆ పిల్ల బంతిల పప్పు వడ్డిస్తూ, ఈయన ఆకు ముందర ఆగి, "ఇంక జర?" అని అడిగిందట. అంతే. ఆ 'జర' ఆయనను ఏడాది నుంచి వదలలేదట.

నాకప్పుడు పద్నాలుగేండ్లు. మా ఊర్ల ఆడపిల్లలకు బడి లేకుండె, అందుకని బాపు ఇంట్లనే నాకు అక్షరాలు దిద్దించి, పారాయణం చేసుకునేంత చదువు చెప్పిండు. చదువు తక్కువైందని నేనెప్పుడూ కుమిలిపోలేదు. ఉన్న నాలుగు ముక్కలూ దేవుని పేర్లతోనే వచ్చినయి, అది నా అదృష్టం. ఆ చదువుతోని వచ్చిన చిక్కు ఒక్కటే, నాకు అబద్ధం నోట రాకపోయేది. (పాపమన్న భయం తర్వాతి సంగతి. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ వస్తదని బాపు చెప్పిండు. నేను రోజూ అద్దంల చూసుకునేదాన్ని.) "మా చెల్లె బిడ్డ గొంతు మీద కత్తి పెట్టినా అబద్ధమాడది" అని పెద్దవ్వ చొప్పదండిల కూడ చెప్పి వచ్చింది. సంబంధం గురించి చెప్పుకోవడానికి మా దగ్గర ఇంకేమీ లేనట్టున్నది పాపం.

బాపు దోస్తు ఒకాయన ఉట్నూరు నుంచి జీపుల ఒక వెదురు విల్లు, ఇనుప మొనల బాణాలు తెచ్చిచ్చిండు. అక్కడి నుంచి మా ఇంట్ల సలహాల కాలం మొదలైంది. బాణంతో దుప్పిని కొట్టాలనుకునేవారికి (ఇప్పుడు ఎవరూ అనుకోవద్దు, చెయ్యేస్తే జైలే, ఆ చట్టం వచ్చినందుకు నేను దేవునికి దండం పెట్టుకున్న) మా అరుగు మీద వినబడ్డ సలహాలు ఇవి. గాలి దుప్పి దిక్కు నుంచి నీ దిక్కు రావాలె గానీ, నీ వాసన దానికి పోవద్దు. తలకు నూనె పెట్టొద్దు, ఉల్లిగడ్డ తినొద్దు, బీడీ తాగొద్దు. ముందటి కాలు వెనుక, జబ్బ కింద కొట్టాలె, అక్కడ తగిలితే అది ఎక్కువ బాధ పడది. తగిలినంక వెంటనే ఎంటబడొద్దు, ఉరికిస్తే అడవంత తిరిగి పానం ఇడుస్తది, మాంసం కూడ గట్టిబడుతది. కొంచెంసేపు కూసొని నెత్తురు జాడ పట్టుకొని మెల్లగ పోవాలె. ఈ సలహాలు ఇచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కరు కూడ విల్లు పట్టినోళ్లు కాదు. అందుకే కావచ్చు, అందరి మాటా ఒక్కతీరుగ ఉండేది.

సాధన కోసం గోనెసంచిల గడ్డి కుక్కి, నాలుగు కట్టెలు కాళ్లలెక్క గుచ్చి, పెరట్ల నిలబెట్టినం. దుప్పి లెక్క కనబడాలని నేను సున్నం తెచ్చి వేలితోని ఒంటినిండ చుక్కలు పెట్టిన, బొగ్గుతోని రెండు కండ్లు కూడ గీసిన. అదే ముంచింది. చుక్కలూ కండ్లూ వచ్చినంక దానికొక జాలి ముఖం వచ్చింది. మామ విల్లెత్తుడు, దాని ముఖం చూసుడు, విల్లు దించుడు. చివరికి బాపు వచ్చి, "బిడ్డా, దాన్ని అటు తిప్పి నిలబెట్టు, ముఖం కనబడకుంట" అన్నడు. అటు తిప్పినంక మామ బాణాలు ఒక్కొక్కటే దానికి తగులుడు మొదలైంది. పాకెనుక గేదె మాత్రం ఆ నెలంత పాలు సరిగ్గ ఇయ్యలేదు, దానికి మా గురి మీద నమ్మకం లేకుండె.

నా మొక్కు సంగతి కూడ చెప్పాలె. ఇంట్ల పూజ పని నాది కాబట్టి వేట మంచిగ జరగాలని మొక్కే పని కూడ నాకే అప్పజెప్పిండ్రు. దీపం ముందర కూసున్న గానీ ఏమని మొక్కాల్నో తెలువలే. దుప్పి చావాలని దేవుణ్ని ఎట్ల అడగాలె? అడగకపోతే మామకు పెళ్లెట్ల అయితది? చాలాసేపు పరేషాన్ అయి చివరికి ఇట్ల మొక్కిన: "స్వామీ, మామకు ఆ పిల్లతోనే పెళ్లి కావాలె. ఆయన చేతుల మాత్రం ఇంక ఏ పానం పోవద్దు." 'ఇంక' అన్న మాట నేను తెలివిగ పెట్టిన. ఒక్క దుప్పి వరకు దేవునికి వెసులుబాటు ఇచ్చినట్టన్నమాట.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఆ పూలకు దుప్పులు తెల్లారంగనే చెట్ల కిందికి వస్తయి. బాపు, అడవి దారి తెలిసిన ఇంకొకాయన, మామ ముగ్గురు ఎడ్లబండి కట్టుకొని పోయిండ్రు, మామను ఇప్పచెట్టు మీద మంచెకెక్కించిండ్రు. పొద్దెక్కేవరకు బండి తిరిగి వచ్చింది. మోదుగాకుల కింద నిజంగనే ఒక దుప్పి ఉన్నది. నేను ఆకులు జరిపి చూసిన. జబ్బ కింద, సరిగ్గ అందరూ చెప్పినకాడ, బాణం దిగి ఉన్నది. నేను సున్నంతోని పెట్టినవి ఎంత వికారమైన చుక్కలో అప్పుడు తెలిసింది. మామ బండి ముందర కూసొని ఎడ్ల తోకలే చూస్తుండు. "ఎట్ల కొట్టినవ్ మామా?" అంటే, "కండ్లు మూసుకొని ఇడిసిన. తెరిసేవరకు కిందపడి ఉన్నది" అని, బావికాడికి పోయి బిందెల కొద్ది నీళ్లు పోసుకొని, జ్వరం తెచ్చుకొని పండుకున్నడు. దుప్పి కూర వాసన వస్తే ముసుగు తన్నేటోడు. ఇట్ల మా ఊర్ల గొప్ప వేటగాడు దుప్పటిల దాక్కున్నడు.

అడవి నుంచి తెచ్చినదాన్ని ఏం చెయ్యాల్నో మా దిక్కు ఒక లెక్క ఉంటది. ముందుగ మైసమ్మకు, తర్వాత తోడు పోయినోళ్లకు వాటాలు పోవాలె. తల, కొమ్ములు, తోలు దారి చూపిన మనిషివి. బాపు కొమ్ములు ఉంచుకుందామా అన్నట్టు చూసిండు గానీ, మా నాయినమ్మ, "దీపం పెట్టే ఇంట్ల సచ్చినదాని తలకాయ ఏందిరా?" అనంగనే ఆ ముచ్చట అక్కడికే ముగిసింది. చివరికి బాణం కూడ ఆ మనిషికే ఇచ్చి పంపిండ్రు. అంటే, మామ దుప్పిని కొట్టిండనడానికి ఉన్న సాక్ష్యాలన్నీ మేమే మర్యాదగ, సంతోషంగ పంచిపెట్టినం.

మిగిలిన మాంసాన్ని అవ్వ ఒట్టి తునకలు పెట్టింది. ఎండబెట్టిన మాంసాన్ని మేం అట్లనే అంటం. దుప్పి మాంసం తీరు వేరు. ముందు పొరలు, నరాలు ఓపికగ తీసెయ్యాలె, అవి ఉంటేనే నీచు వాసన. తర్వాత పేగుల్లెక్క పొడుగ్గ, సన్నగ కొయ్యాలె, మందంగ ఉంటే లోపల కుళ్లుతది. ఉప్పు, పసుపు గట్టిగ రుద్దాలె, చెయ్యి మండేదాక. దండెం మీద ఒకదానికొకటి తాకకుండ వేలాడదియ్యాలె. దుప్పికి కొవ్వు ఉండది కాబట్టి జల్ది ఎండుతది. ఒకదానికొకటి కొడితే కట్టెల చప్పుడు రావాలె, అప్పుడు కుండల పెట్టి మూతికి బట్ట కట్టాలె. కాకులను తోలే పని నాది. ఒక కర్ర పక్కన పెట్టుకొని, దండెం కింద పీట వేసుకొని పారాయణం చదువుకునేదాన్ని. మీద తునకలు, కింద స్తోత్రాలు. గోడ మీది నుంచి పక్కింటి చిన్నవ్వ చూసి, "ఏమే, నీ పారాయణం ఇని కాకులు కూడ మాంసం మానేసినట్టున్నయి, ఒక్కటి వస్తలేదు" అనేది. నిజమే, కాకులు రాలే. పిల్లి వచ్చింది. దానికి భక్తి లేదు.

తునకల కుండ ఒళ్లె పెట్టుకొని అవ్వ, పెద్దవ్వ, మామ, నేను బస్సులు మారి చొప్పదండి పోయినం. ఆ ఇంటి ముందరింట్లకు అడుగు పెట్టంగనే గోడల నిండ కొమ్ములు. వాటి కింద పెద్ద మీసాలతోని పిల్ల తండ్రి. మామను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా కొట్టింది?" అన్నడు. "నేనే" అన్నడు మామ, తప్పు ఒప్పుకున్నట్టు. పిల్ల వచ్చి అవ్వ చేతులకెళ్లి కుండ అందుకొని లోపలికి పోయింది, నేను ఆమె వెనుకనే వంటింట్లకు పోయిన. (ఆమెనే తర్వాత మా అత్త అయింది కాబట్టి ఇప్పటి నుంచే అత్త అంట, అలవాటైన నోరు.)

వంటింట్ల ఒక మూలకు ఆమె తల్లి చింతచిగురు నలుపుతున్నది. ఆ తల్లి చేతులు ఉప్పుకు పగిలి, పగుళ్లల్ల పసుపు దిగి ఉన్నయి. అత్త తునకలను నిప్పుల మీద కాల్చి, రోట్లె నాలుగు పోట్లు వేసి, వేడినీళ్లల్ల నానబెడుతూ నన్ను మెల్లగ అడిగింది.

"మీ మామకు వేటంటే మస్తు ఇష్టమా?"

"ఇష్టం కాదు. కండ్లు మూసుకొని కొట్టిండు. కొట్టినంక జ్వరం వచ్చింది. ఒక్క తునక నోట్లె పెట్టలే."

"మళ్ల పోతడా?"

"తనైతే పోడు. మీ బాపు పిలిస్తే మాత్రం కాదనడట. మీ కోసం ఎన్నిసార్లయిన పోతా అన్నడు."

ఆమె చెయ్యి గిన్నెల అట్లనే ఆగిపోయింది. తల్లి దిక్కు చూసింది. తల్లి చిగురు నలుపుతనే ఉన్నది, తల ఎత్తలే. "జర బాయికాడికి పోయి చెంబుల నీళ్లు తెస్తవా?" అన్నది అత్త నాతోని. నేను నీళ్లు తెచ్చేవరకు ఆమె వెనుక దర్వాజ నుంచి లోపలికి వస్తున్నది, కొంగు కింద ఏదో పట్టుకొని. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్విన. మంచి మనిషి అనుకున్న.

బంతి వేసిండ్రు. పిల్ల తండ్రి ఒక ముద్ద కలుపుకొని నోట్లె పెట్టుకున్నడు. నమిలిండు. ఆగిండు. పులుసుల వేలు ముంచి పైకెత్తి, వెలుగుకు పెట్టి చూసిండు. వేలు మిలమిల మెరిసింది.

"అల్లుడా" అన్నడు, చాలా మెత్తగ. "ఇది ఏ అడవి దుప్పి?"

"మా గోదారి ఒడ్డు అడవిదే" అన్నడు మామ.

"గట్లనా. మీ గోదారి ఒడ్డు దుప్పికి కొవ్వు బాగనే ఉన్నదే. నేను ఇన్నేండ్ల నుంచి కొడుతున్న, దుప్పిల వెతికి చూసినా కొవ్వు దొరకలే. ఇది 'మే' అని అరిచిందా, కొట్టేటప్పుడు?"

బంతిల ఉన్నోళ్లందరూ నవ్విండ్రు. మామ ముఖం ఎర్రబడ్డది. అవ్వ ముద్ద చేతుల పట్టుకొని ఉండిపోయింది. "అన్నా, దేవుని తోడు దుప్పే" అన్నది.

"కొమ్ములేవి చెల్లే?"

"దారి చూపినాయనకు ఇచ్చినం."

"తోలు?"

"అదీ ఆయనకే."

"పోనీ బాణమన్నా ఉన్నదా?"

అవ్వ నా దిక్కు చూసింది. పెద్దవ్వ నన్ను ముందరికి తోసింది. "పిల్లనడుగుండ్రి. ఇది అబద్ధమాడది, మీకు ముందే చెప్పిన గద."

అందరి కండ్లు నా మీద. ఈ సంబంధం పోతే ఇంక రాదని నాకు తెలుసు. నాలుక మీద మచ్చ గుర్తొచ్చింది గానీ, చెప్పేది నిజమే కాబట్టి భయం లేకుండె. లేచి నిలబడి, పారాయణం చదివినట్టు స్పష్టంగ చెప్పిన: "దుప్పే. జబ్బ కింద బాణం దిగి ఉండంగ నేనే ఆకులు జరిపి చూసిన. నేనే కాకులు తోలిన. దేవుని మీద ఒట్టు."

తర్వాత పిల్ల తండ్రి నవ్విన నవ్వు నేను జన్మల మరువ. దగ్గొచ్చి, కండ్లల్ల నీళ్లొచ్చి, నీళ్లు తాగి మళ్ల నవ్విండు. "పుట్టినకాడికెళ్లి నిజమే మాట్లాడిన పిల్ల, మామ కోసం ఇయ్యాల అబద్ధం నేర్చింది" అన్నడు. నా జీవితంల నేను ఒట్టేసి చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

అప్పుడు దర్వాజ వెనుక నుంచి ఆయన భార్య మాట వినబడ్డది. ఆమె ఆ రోజు నోరు తెరిచింది అదే మొదలు. "నవ్వింది చాలు. గింత దేవుని భక్తి ఉన్న పిల్ల ఒట్టేసి అబద్ధమాడిందంటే, గా మామ దాన్ని ఎంత మంచిగ చూసుకుంటుండో అర్థమైతలేదా? పిల్లను గీ ఇంటికే ఇయ్యాలె."

"మరి నా షరతు?"

"నీ షరతును గా కొమ్ములకు తగిలియ్యి."

ఆయన కొమ్ముల దిక్కు చూసిండు. భార్య అట్ల మాట్లాడుడు ఆయనకూ కొత్తనే ఉన్నట్టున్నది. మామ మాత్రం ముద్ద ఇడిసి లేవబోయిండు. "అది కాదు, నేను నిజంగనే..." అని మొదలు పెట్టిండు. మగవాని పరువు కదా, ఆయనకూ ఉంటది. జ్వరం తెచ్చుకొని కొట్టిన దుప్పి, మేక అంటే ఊరుకుంటడా? సరిగ్గ అప్పుడే అత్త మజ్జిగ గిన్నె పట్టుకొని బంతిలకు వచ్చి, ఆయన ఆకు ముందర ఆగి, ముఖంలకు చూసి, "ఇంక జర?" అన్నది. మామ ఆమె దిక్కు చూసిండు, మామగారి దిక్కు చూసిండు, మళ్ల ఆమె దిక్కు చూసిండు. కూసున్నడు. "పొయ్యి" అన్నడు.

పెండ్లి ఘనంగ అయింది. చొప్పదండిల ఆయనకు 'మేక అల్లుడు' అని పేరు పడ్డది. పండుగకు పోయినప్పుడల్లా మామగారు నలుగురిల కూసొని, "ఏం అల్లుడా, మేకలు మంచిగున్నయా?" అనేటోడు. ఈయన, "మంచిగున్నయి మామా" అనేటోడు. అడవికి మాత్రం ఒక్కనాడు కూడ పిలువలే. చప్పుడు చేసేటోణ్నన్నా తీసుకపోత గానీ మేకను కొట్టేటోణ్ని కాదని చెప్పిండట. తర్వాత చట్టాలు గట్టిగ వచ్చినయి, తుపాకి పోయింది, కొమ్ములకు దుమ్ము పట్టింది. నేను మాత్రం చాలా ఏండ్లు ఆ కొవ్వు సంగతి తలుచుకొని, గోదారి ఒడ్డు దుప్పులు ఇప్పపూలు ఎక్కువ తిని బలిసినయేమోనని సమాధానం చెప్పుకునేదాన్ని.

నా పిల్లలు పెద్దగైనంక, మామ కాలం చేసిన ఏడు, అత్తను చూడబోయిన. ఇద్దరం చింతచిగురు ఏరుకుంట కూసున్నం. నేను మళ్ల ఆ కొవ్వు మాట ఎత్తిన. అత్త చేతుల పని ఆపకుండనే, "పక్కింట్ల ఆనాడు మేకను కోసిండ్రు. గంత కొవ్వు అడుక్కొచ్చి కరగబెట్టి పోసిన" అన్నది.

నేను చిగురు ఏరుడు ఇడిసి ఆమె ముఖంలకు చూసిన.

"మా అవ్వ చేతులు చూసినవు గద నువ్వు. వారం వారం మా బాపు కొట్టుకొచ్చుడు, మేం కోసుడు, రుద్దుడు, ఎండబెట్టుడు. నా చిన్నతనమంత గా ఉప్పులనే పోయింది. నువ్వేమో మీ మామ కాదనడని చెప్తివి. ఇగ నేనేం చెయ్యాలె? బాపును పెండ్లికి ఒప్పించే పని అవ్వ మీదేసుకున్నది."

"మామకు తెలుసా అత్తా?"

"తెలువకేంది. మొదటి ఏడే చెప్పిన. కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నడు. తర్వాత గా విల్లు తీసి చిక్కుడు పందిరికి గుంజగ పాతిండు. మా బాపు బతికున్నన్నాళ్లు ఒక్కసారి కూడ, నేను కొట్టింది దుప్పే అనలే."

ఇంటికొచ్చి దీపం పెట్టి కూసున్న. పద్నాలుగేండ్ల ఆ పిల్ల, ఛాతి విరుచుకొని ఒట్టేసి నిజం చెప్పి, ఆ నిజమే పెండ్లి చేసిందని ఇన్నేండ్లు మురిసిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అసలు పని చేసింది చారెడు మేక కొవ్వు, వంటింట్ల నేను చెప్పిన నాలుగు మాటలు. అయినా దేవుడు నేను అడిగిన రెండూ ఇచ్చిండు, పెళ్లీ అయింది, మామ చేతుల ఇంకో పానం పోలే. దానికి పెట్టిన ఖర్చంత మామ పరువు నుంచే పోయింది, అది ఆయన నవ్వుకుంట పెట్టిండు. చొప్పదండిల ఇప్పటికీ కొందరు ముసలోళ్లకు ఆయన మేక అల్లుడే, వాళ్లకు చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు. మీరు ఎన్నడన్నా చింతచిగురు కూర తింటే మా చిన్నమామను ఒక్కసారి తలుచుకోండి. ఆయన దుప్పిని నిజంగనే కొట్టిండు.